వెళ్ళి వచ్చినవారికే పట్టా

ఒక పెద్ద అడవిలో నడుమ భాగం పలచబడి, అంచులు కిక్కిరిసిపోయాయి. పిల్లలు గలవారంతా మేత బాగుందని శివారు వెదురుపొదలకు తరలిపోయారు. నడి అడవిలో మిగిలినవి కదలడానికి ఇష్టపడని కొన్ని కుటుంబాలు, అడవి సభ, దాని కార్యాలయం.

కదలనివారిలో శోభనాద్రి అనే ముళ్ళపంది ఒకడు. అతని భార్య కనకాంగి కిందటి వానాకాలంలో పోయింది. ఆమె రోజూ ఒకే చోట ఒరిగి పడుకోవడం వల్ల బొరియ గోడలో నున్నని పల్లం ఏర్పడింది. తన ముళ్ళు తగిలి అది చెదురుతుందని శోభనాద్రి ఆ వైపు పడుకోడు.

సభాధ్యక్షుడు అడవిదున్న. తన ఉపన్యాసానికి ఏడుగురే వచ్చారని నొచ్చుకుని, శివారు కుటుంబాలను నడి అడవికి రప్పించే పథకం ప్రకటించాడు. శివారు నుంచి వచ్చిన ప్రతి కుటుంబానికీ ఒక బొరియ, దానికి శాశ్వత పట్టా. పట్టా లేని బొరియలన్నింటినీ ఖాళీవిగా భావించి, వచ్చినవారికి పంచుతారు.

శోభనాద్రి తన బొరియకు పట్టా కోరుతూ అర్జీ రాసుకుని కార్యాలయానికి వెళ్ళాడు. కార్యదర్శి కొంగ ఒంటికాలి మీద నిలబడి దాన్ని చదివింది.

"ఎక్కడి నుంచి వచ్చారు?"

"ఎక్కడి నుంచీ రాలేదండి. ఇక్కడే పుట్టాను."

"అదే చిక్కు. పథకం వచ్చినవారికి. మీరు రాలేదు."

"ఉన్నవాణ్ణి కదండీ."

"ఉన్నవారికి ఇందులో గడి లేదు." కొంగ ముక్కుతో కాగితం మడిచింది. "వెళ్ళి రండి."

శోభనాద్రి నమస్కరించి లేచాడు.

"ఆ వెళ్ళి రావడం కాదండీ. శివారుకు వెళ్ళి, మూడు నెలలు కాపురముండి, రండి. అప్పుడు మీరూ వచ్చినవారవుతారు."

శోభనాద్రి బొరియ ముఖాన ఎండుటాకులు కప్పి, లోపలికి తిరిగి "వెళ్ళొస్తాను" అన్నాడు. తరువాత నడక మొదలుపెట్టాడు.

దారిలో పొరుగింటి ఉడుము నాగలింగం కలిశాడు. నెత్తిన మూట ఉంది.

"ఏం బావగారూ, మీరూ రావడానికే వెళ్తున్నారా?"

"తప్పదు కదా బావా."

"నడి అడవికి బాట వేసినవాడు మా తాత. ఆయన మనవణ్ణి, నేను కొత్తగా రావాలట."

నెల తిరిగేసరికి నడి అడవి కుటుంబాలన్నీ శివారుకు చేరాయి. అదే సమయంలో ఒక శివారు దుప్పి ఇల్లాలు పథకాన్ని నమ్మి నడి అడవి చూసి వచ్చింది.

"ఒక్క ఇంట్లోనూ అలికిడి లేదు," అంది భర్తతో. "పిల్లలతో అక్కడెలా ఉంటామండీ?"

శివారు నుంచి అర్జీలు ఎనిమిది రెట్లు పెరిగాయని సభకు నివేదిక అందింది. అడవిదున్న సంతోషించి ఉపన్యసించడానికి లేచాడు. ఎదుట ఎవరూ లేరు.

"జనమంతా ఏరీ?"

"శివారులో ఉన్నారండి. ఇక్కడికి రావడానికి సిద్ధమవుతున్నారు," అంది కొంగ.

"అందాకా నేనెవరితో మాట్లాడాలి?"

మరునాడే సభ వెదురుపొదలకు తరలింది. సభ ఎక్కడ ఉంటే అదే నడి అడవి అన్నది నిబంధనల్లో మొదటి వాక్యం. కనుక వెదురుపొదలు నడి అడవి అయ్యాయి. పాత నడి అడవి శివారు అయింది.

శోభనాద్రి ఆ నిబంధనను రెండుసార్లు చదివి, కొంగ దగ్గరికి వెళ్ళాడు.

"శివారు బొరియలకు పట్టా కావాలాండీ?"

"శివారు బొరియలతో సభకేం పని?"

శోభనాద్రి ఆ సాయంత్రానికే ఇల్లు చేరాడు. ఆకులు తీసి, తన వైపున పడుకున్నాడు.

వారం తరువాత కొంగ ఆహ్వానపత్రంతో వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మీలాంటి శివారు కుటుంబాలు నడి అడవికి రావాలని సభ కోరుతోంది. మీ ఇంట్లో ఎందరు?"

శోభనాద్రి లోపలి గోడలోని నున్నని పల్లం వైపు చూశాడు.

"ఇద్దరం," అన్నాడు. "రాలేమండి."

ఇందులోని నీతి: స్థిరనివాసం కోరేవారు ముందుగా కార్యాలయాన్ని సాగనంపాలి.