హెడ్ మెకానిక్ కంచం వేరు పెట్టిన రోజు

బస్సు డిపో హెడ్ మెకానిక్ ఆ ఉదయం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదింటికి షెడ్డులో హెచ్ఐవీ మీద పావుగంట మాట్లాడటం, చప్పట్లు కొట్టించుకోవడం, ఇంటికొచ్చి భోంచేసి కునుకు తీయడం. ఆరేళ్లుగా ఏటా ఆయనే చెబుతున్నాడు. ఎలా వస్తుందో, ఎలా రాదో నిద్రలో లేపి అడిగినా తడుముకోడు.

"మనిషిని చూసి చెప్పలేమయ్యా. ఎంత శుభ్రంగా, ఎంత మర్యాదగా ఉన్నా సరే, తొడుగు, అదే కండోమ్, తప్పనిసరి!" అని ముగించాడు.

రక్తపరీక్షలు చేయడానికి ఆసుపత్రి నుంచి వచ్చిన నర్సమ్మ సూది తీసి, "పరీక్షకి ముందు ఎవరు?" అంది. షెడ్డంతా నేలచూపులు చూసింది.

"గురువుగారే బోణీ చెయ్యాలి!" అన్నాడో ఫిట్టరు. మళ్లీ చప్పట్లు.

చొక్కా చెయ్యి మడుస్తుంటే గుర్తొచ్చింది ఆయనకి. పోయిన నెల స్పేర్ పార్టుల కోసం పక్క ఊరెళ్లినప్పుడు, లాడ్జిలో ఒకావిడతో గడిపిన సాయంత్రం. ఆవిడ చాలా శుభ్రంగా, మర్యాదగా ఉంది. జేబులో తొడుగు కూడా ఉంది. ఈవిడకేం ఉంటుందిలే అని బయటికి తీయలేదు.

"రిపోర్టు రేపు ఆసుపత్రిలో," అంది నర్సమ్మ.

ఇంకేం కునుకు! ఇంటికొచ్చి కంచం, గ్లాసు, తువ్వాలు విడిగా పెట్టుకున్నాడు. మూల కూర్చుని తిని, తానే కడుక్కున్నాడు. పాతికేళ్ల కాపురంలో ఆయన గ్లాసు కడగడం అదే మొదలు. భార్య కంగారుగా తమ్ముడికి ఫోన్ కొట్టింది.

"ఒరేయ్, మీ బావ కంచం వేరు పెట్టాడ్రా!"

ఆ తమ్ముడు అమ్మకి చేరవేసేసరికి కంచం కాస్తా కాపురమైంది. సాయంత్రానికి ఇద్దరూ వచ్చి కూర్చున్నారు.

"వేరు కాపురం ఎవరితో, అల్లుడుగారూ?" అంది అత్తగారు మంచినీళ్లు తాగుతూ.

"కాపురం లేదు, పాడూ లేదు! హెచ్ఐవీ పరీక్ష చేయించుకున్నా, అంతే!"

అత్తగారు గ్లాసు చటుక్కున కింద పెట్టేసింది. ఆయనలోని ఉపన్యాసకుడు ఊరుకుంటాడా? "గ్లాసుతో రాదు అత్తయ్యా. కంచంతో రాదు. తువ్వాలుతో అసలే రాదు."

"మరి మీవెందుకు వేరు చేశారు?" అంది భార్య.

ఆయన తన విడి గ్లాసుని కంచం వెనక్కి జరిపాడు.

"ఎలా రాదో చెప్పారు కదా. ఎక్కడ వచ్చిందని భయపడ్డారో అది చెప్పండి."

చెప్పాడు, లాడ్జి గది నంబరుతో సహా. భార్య అరవలేదు, ఏడవలేదు.

"అన్నీ తెలిసి, జేబులో పెట్టుకుని కూడానా?"

"నాకేం కాదులే అనుకున్నానే."

"మీ సంగతి సరే. నా సంగతో?"

ఆరేళ్ల ఉపన్యాసంలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

మర్నాడు ఆసుపత్రిలో భార్య కూడా పరీక్షకి రక్తమిచ్చింది. గంట తర్వాత ఇద్దరికీ లేదని వచ్చింది. "చూశావా!" అని ఆయన బల్ల గుద్దాడు.

"ఆగండాగండి," అంది నర్సమ్మ. "పోయిన నెలదైతే ఇప్పుడే బయటపడకపోవచ్చు. మూడు నెలలాగి ఇద్దరూ మళ్లీ రండి. అందాకా తొడుగు లేకుండా కలవొద్దు. మీకు నేను చెప్పాలా?"

ఇంటికెళ్లేసరికి గుమ్మంలో సూట్‌కేసు, పక్కన బావమరిది. హెడ్ మెకానిక్ సూట్‌కేసుకి అడ్డంగా నిలబడ్డాడు.

"పుట్టింటికి వెళ్లిపోతావా? నువ్వు లేకుండా నేనెట్లా బతికేది?"

"నేనెందుకు వెళ్తాను, నా ఇల్లు వదిలి? అందులో ఉన్నవి మీ బట్టలు."

బావమరిది సూట్‌కేసు బండి మీద పెట్టాడు. "పద బావా. మూడు నెలలు మా ఇంట్లోనే. అమ్మ తన గది పక్కనే నీకు మంచం వేసింది."

అలా పెళ్లయిన పాతికేళ్లకి, హెడ్ మెకానిక్ తన భార్య పుట్టింటికి కాపురానికి వెళ్లాడు.