బావ సరిచేసిన తెర

ఇంటర్వ్యూకి ఇంకా గంట టైముండగానే చంటి తయారై, కొత్త మానిటర్ ముందు కూర్చుని, మైకున్న కెమెరా టేబుల్ మీద విడిగా నిలబెట్టి, వీడియో కాల్ తెరిచిపెట్టుకుంది. పాతికేళ్లు దాటినా ఇంట్లో అందరికీ ఆమె చంటే. పనిచేసే ఆఫీసు మూతపడ్డాక అక్క ఇంట్లో ఉంటోంది. ఈ ఉద్యోగం వస్తే వేరే గది తీసుకోవచ్చు. రాకపోతే బావ సలహాలు వింటూ ఇక్కడే పడి ఉండాలి. ఉద్యోగమేమో కంప్యూటర్లమ్మే సంస్థలో, యంత్రం మొరాయించిందని ఫోన్ చేసేవాళ్లకి దారి చెప్పడం.

ఆ కంప్యూటర్లో విండోస్ తీసేసి లినక్స్ వేసింది బావే. వేసిన నాటి నుంచి దానికి తుమ్మొచ్చినా తనకే చెప్పాలని ఆయన పట్టు.

"అక్షరాలేంటి సాగినట్టున్నాయి?" అన్నాడు వెనకనుంచి తొంగిచూసి.

"ఉండనీ బావా. ఇంటర్వ్యూ అయ్యాక చూద్దాం."

"వాళ్ల మొహాలు గుమ్మడికాయల్లా కనిపిస్తే నీకు నవ్వాగదు. రెండు నిమిషాల పని, లే."

లేవడమే చంటి చేసిన తప్పు. బావ సెట్టింగుల్లోకి వెళ్లి రిజల్యూషన్లలోకెల్లా పెద్ద అంకె ఎంచుకున్నాడు. పెద్దది ఉండగా చిన్నదానితో సరిపెట్టుకోవడం ఆయనకి నచ్చదు. అంతది మోయలేక తెర నల్లబడింది. మాట కూడా మానిటర్లోంచే వచ్చేది కాబట్టి అదీ మూగబోయింది.

నిజానికి అప్పుడు చెయ్యాల్సిందేమీ లేదు. కాసేపు ఊరుకుంటే లినక్స్ తనంతట తానే పాత అమరికకి వెళ్లిపోతుంది. ఊరుకోవడమే బావకి చేతకాదు. చేతికందిన మీటలన్నీ నొక్కి చివర్లో ఎంటర్ కొట్టాడు. ఈ అమరికే ఉంచమంటారా అని కనపడని తెర అడుగుతోంది. ఉంచమన్నాడు.

ఆ తర్వాత కోతి పుండు బ్రహ్మరాక్షసే అయింది. పరిష్కారం వెతుకుతానని చంటి ఫోన్ తీసుకుని, ముప్పావుగంట పైనే కూర్చుని దాని చార్జింగంతా తాగేశాడు. తీగ వదులైందని టేబుల్ కింద దూరి, మానిటర్ తీగనుకుని కీబోర్డు తీగ పీకాడు. లేవబోయి తల కొట్టుకున్నాడు.

"పొద్దున్నే ఏం పీకుతున్నారు?" అంటూ అక్క వచ్చింది.

"మానిటర్లోనే లోపం" అన్నాడు బావ. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

చంటికి ఏడుపు గొంతు దాకా వచ్చింది. మింగేసి, నెమ్మదిగా అడిగింది.

"ముందు ఏం నొక్కావు బావా?"

"నేనేం నొక్కలేదు."

"సరే. నొక్కకముందు ఎలా ఉంది?"

"బాగానే ఉంది. అంటే నొక్కాననుకో, కానీ దానివల్ల కాదు."

"నీ తప్పని ఎవరన్నారు? అలా నల్లబడితే ఎవరికైనా కంగారే. ఏ అంకె ఎంచుకున్నావు?"

"అన్నిటికంటే పైది."

"మంచిది. అక్కా, అటకమీది పాత మానిటర్ దింపుతావా? బావా, నువ్వు చేతులు రెండూ జేబుల్లో పెట్టుకో."

"ఎందుకు?"

"అది పెద్ద సాయం."

పాత మానిటర్ తగిలించగానే దానికి సరిపడే అమరికతో బొమ్మ వచ్చింది. బొమ్మలో ఇంటర్వ్యూ చేసే ముగ్గురూ ఉన్నారు. ఒకాయన నవ్వి నవ్వి రుమాలుతో కళ్లు తుడుచుకుంటున్నాడు.

"మీరొచ్చి... ఎంతసేపైందండీ?"

"మీ బావగారు టేబుల్ కింద దూరినప్పటి నుంచీ ఉన్నాం" అంది మధ్యలో ఉన్న పెద్దావిడ. "మీకు కనిపించకపోయినా మాకు అన్నీ కనిపించాయి, వినిపించాయి."

"క్షమించండి. ఇంకో అవకాశం ఇస్తే..."

"ఎందుకమ్మా? మా కస్టమర్లలో ఇంత మొండివాడు ఇంకా తగల్లేదు. అలాంటాయన చేత నిజం చెప్పించారు, ఒక్కసారీ కసురుకోలేదు. సోమవారం వచ్చి చేరండి."

చంటి అక్కని కావలించుకుని, ఇందాక మింగిన ఏడుపంతా ఏడ్చేసింది. బావ జేబుల్లోంచి చేతులు తీశాడు.

సాయంత్రానికల్లా ఆ ఉద్యోగం తనే వేయించానని ఆయన వీధంతా చెప్పొచ్చాడు. కాదనడానికి ఇంట్లో ఎవరి దగ్గరా ఆధారం లేదు.