తూర్పు ఇటాలియన్, పడమటి జపనీస్

గుంటూరు శివార్లలోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో గత తొమ్మిదేళ్లుగా ఇటాలియన్ శాఖ దిగ్విజయంగా నడుస్తున్నదని తెలుగు ప్రజలకు సవినయంగా తెలియజేయడమైనది. శాఖకు ఒక గది, ఒక బీరువా, ఒక ఆచార్యురాలు ఉన్నారు. విద్యార్థులు లేరు. ఆ లోటు ఇంతవరకు ఎవరి దృష్టికీ రాలేదు.

ఆచార్యురాలు డాక్టర్ శ్రీరమ్య, దర్శి దగ్గరి ఒక మిరప రైతు కూతురు. ఢిల్లీలోనూ ఇటలీలోని బొలోనాలోనూ పదకొండేళ్లు పాత ఇటాలియన్ కావ్యాలతో కుస్తీ పట్టి డాక్టరేటు తెచ్చుకుంది. తర్వాత, నేర్చుకున్నది సొంత గడ్డ మీద నలుగురికీ చెప్పాలన్న పిచ్చి పట్టింది. పిచ్చి అన్నది ఊరివాళ్ల మాట.

విశ్వవిద్యాలయ వ్యవస్థాపకులు వెంకటనారాయణ గారు మిర్చి కోల్డ్ స్టోరేజీల అధిపతి. తెలుగును తూర్పు దేశపు ఇటాలియన్ అంటారని ఎవరో చెప్పగా విని పులకించిపోయి, ఆ మాటకు సాక్షిగా ఉంటుందని ఆమెను నియమించారు. ఏడాదికి ఆమె విధి ఒకటే. తెలుగు భాషా దినోత్సవాన మంగళగిరి చీర కట్టుకుని వేదికెక్కి ఆ వాక్యాన్ని ఇటాలియన్‌లో పలకాలి. పదాలు అచ్చులతో ముగియడం తప్ప రెండు భాషలకూ చుట్టరికం లేదని మొదటి ఏడాది వివరించబోయింది. మైకు ఆపి శాలువా కప్పారు. మరుసటి ఏడు తెలుగు శాఖ మూతపడింది. దినోత్సవం మాత్రం ఏటికేడు పెద్దదైంది.

ఈ ఏడు సభకు నాలుగు రోజుల ముందు ఆయన ఆమెను పిలిపించారు.

"అమ్మా, ఇటాలియన్‌కి ప్లేస్‌మెంట్లు లేవంట. పిల్లలంతా జపనీస్ అడుగుతున్నారు. దాంట్లోనూ మాటలు అచ్చుల్తోనే అయిపోతాయంట కదా?"

"చాలావరకు అంతేనండి."

"ఇంకేం. జపాన్‌కి మనం పడమరేగా. ఇకనుంచి తెలుగు పడమటి జపనీస్. శుక్రవారం సభలో మీరే చెప్పాలి."

"నాకు జపనీస్ రాదండి."

"ఒక్క వాక్యమేగా తల్లీ. చెప్తే మీరే జపనీస్ హెడ్డు. లేదంటే గది ఖాళీ చెయ్యాలి మరి."

ఈ జిల్లాల్లో ఇటాలియన్ పేరు మీద ఉన్న ఉద్యోగం అదొక్కటే. ఇరవై ఏళ్లు ప్రాణం పెట్టిన భాషను ఇంత తేలిగ్గా తుడిచేశారని ఆమెకు ముందు ఏడుపొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది.

శుక్రవారానికి 'పడమటి జపనీస్' ఫ్లెక్సీలు అచ్చుతప్పులతో సహా సిద్ధమయ్యాయి. ఎనిమిది వందల మంది భాషాభిమానులు విచ్చేశారు. శ్రీరమ్య మైకు ముందు నిలబడి, స్వచ్ఛమైన ఇటాలియన్‌లో, ఒక్కో మాటా నిదానంగా పలికింది.

"మీకు ఇటాలియన్ రాదు. జపనీస్ రాదు. తెలుగు అంతకన్నా రాదు. మిమ్మల్ని పొగిడితే చాలు, అది ఏ భాషో కూడా మీకు అక్కర్లేదు."

సభ యావత్తూ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. వెంకటనారాయణ గారు కళ్లు తుడుచుకుంటూ శాలువా కప్పి, జపనీస్ శాఖాధిపతిగా నియామక పత్రం ఆమె చేతికిచ్చారు.

"జపనీస్ అంటే ఏమో అనుకున్నానమ్మా," అన్నారు ఆయన. "అచ్చం మన తెలుగులాగే ఉంది."