కుళాయి పాడైన ఇంట్లో రిలాక్స్‌డ్ లంచ్

స్నేహితులను ఇంటికి పిలిచి, వాళ్ల కళ్లముందే చెమటలు కక్కుతూ వండి వడ్డించడం శుద్ధ అనాగరికం! ఈ మాట నేను పూర్తి బాధ్యతతో అంటున్నాను.

నాగరికులు ఇప్పుడు పెట్టేది రిలాక్స్‌డ్ లంచ్. ఎండాకాలం కదా, చల్లటి నిమ్మరసం, పుచ్చకాయ ముక్కలు, తేలికపాటి వంటలు నాలుగు. ఇంటావిడ కూడా అందరితోపాటు సోఫాలో కూర్చుని కబుర్లు చెప్పాలి. హడావిడిగా వంటింట్లోకి పరుగెత్తిందా, పరువు పోయిందన్నమాటే.

ఆడవాళ్లకు ఇంత మేలు చేసిన ఆలోచన ఇంకేదైనా ఉందా? వాషింగ్ మెషీన్ కూడా దీనిముందు దిగదుడుపే!

మా స్నేహితుల్లో నెలకొకరింట్లో ఈ భోజనం. మా వంతు రాగానే మావారు అభయమిచ్చేశారు. "నువ్వేం హైరానా పడకు. సింపుల్‌గా కానిచ్చేద్దాం." అన్నమాట ప్రకారం తన వంతు పని చేశారు కూడా. ఐస్ ట్రేలో నీళ్లు పోశారు.

రిలాక్స్ అవ్వాలి కాబట్టి నేను తెల్లారకముందే లేచాను. అతిథులు వచ్చేసరికి ఇంట్లో వంట జరిగిన ఆనవాలు ఉండకూడదు. పొగ పోవాలి, ఘుమఘుమ మాత్రం మిగలాలి. పొయ్యి గట్టు షోరూంలో సరుకులా మెరవాలి. సోఫామీద దిండ్లు తీరుగా సర్ది, తర్వాత ఎవరో అలా పడేసినట్టు కొంచెం వంకరగా తిప్పాను. ఆ వంకర కుదరడానికే చాలాసేపు పట్టింది. పక్కనే ఒక పుస్తకాన్ని సగంలో తెరిచి బోర్లించాను. ఆ పుస్తకం నేనింకా మొదలుపెట్టలేదు. తీరికేదీ?

మరి మాడిపోయిన మొదటి విడత వంకాయ కూర? జిడ్డు మూకుడు, కుక్కరు, ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ కలిసి లేచిన కొండ? కడిగే టైం లేదు. అన్నీ మోసుకెళ్లి వెనక బాత్రూంలో పేర్చి, కర్టెన్ లాగి, తలుపుమీద 'కుళాయి పాడైంది' అని చీటీ అంటించాను. ఇది మోసం అనకండి. ఇంటీరియర్ డెకరేషన్! ఆ చీటీని మావారు కూడా నమ్మారు. ప్లంబర్‌ను పిలుద్దామని మాత్రం అనలేదు.

అతిథులు వచ్చారు. వాళ్లలో ఒకావిడ, మా డాక్టరమ్మ, ఇల్లంతా కలయజూసి, "అసలు వంట చేసిన మనిషిలాగే లేవమ్మా! ఎలా మేనేజ్ చేస్తావో!" అంది.

"ఇందులో ఏముందండీ, అరగంట పని," పుచ్చకాయ ముక్క నములుతూ జవాబు చెప్పారు మావారు.

నేను చిరునవ్వు నవ్వాను. మోచేతిమీద నూనె చిట్లిన చోట మండుతోంది గనక ఆ నవ్వు కాస్త వెడల్పుగానే వచ్చింది.

నిజానికి ఇంతమందిలో నేను మనసారా పిలుచుకున్నది ఒక్క 'పొట్టి'ని, నా చిన్ననాటి స్నేహితురాలిని. స్కూల్లో ఒకే బెంచీమీద పెరిగినవాళ్లం. ఇప్పుడు లైబ్రరీలో పనిచేస్తుంది, ఒంటరిగా ఉంటుంది. దాని పక్కన తీరిగ్గా కూర్చోవచ్చనే ఈ భోజనాల్లో చేరాను. నెలనెలా కలుస్తున్నాం. మాట్లాడుకున్నది మాత్రం టేబుల్ క్లాత్ రంగు గురించే.

ఆ రోజు పక్కనే కూర్చుని తింటూ అది మెల్లగా అంది. "ఒసే, వచ్చే నెలనుంచి నేను రానే."

"అదేంటే!"

"వస్తే మా ఇంటికి పిలవాలిగా. పోయినసారి మా ఇంట్లో అయ్యాక రెండ్రోజులు నడుం పట్టేసింది. ఇంత తేలిగ్గా చేసెయ్యడం నావల్ల కాదు. నిన్ను చూస్తుంటే నామీద నాకే చిరాకేస్తోంది."

అంత కష్టపడి వంకరగా తిప్పిన దిండ్లు నా స్నేహితురాల్ని గుమ్మం దాటించేస్తున్నాయి! అప్పుడైనా నిజం చెప్పాల్సింది. కానీ ఎదురుగా డాక్టరమ్మ మళ్లీ "అసలెలా..." అంటోంది. నాగరికత అడ్డొచ్చింది. నవ్వి ఊరుకున్నాను.

భోజనాలయ్యాక వాష్‌బేసిన్ దగ్గర రద్దీ. పొట్టి కన్ను చీటీమీద పడింది. "కుళాయేగా, నే చూస్తానుండు," అంటూ చీర కొంగు దోపింది. తన ఇంట్లో కుళాయిలు అదే బాగుచేసుకుంటుందన్న సంగతి నేనెలా మరిచిపోయాను? పరుగెత్తాను. నేను వెళ్లేసరికే తలుపు తీసి కర్టెన్ లాగేసింది.

కుక్కరు మూత జారి ఢమాలున కిందపడింది.

అది కొండను చూసింది. నన్ను చూసింది. మాడిన వంకాయను వేలితో గీకి చూసింది. నన్ను లోపలికి లాగి తలుపు మూసింది.

"దొంగమొహమా! నేను మంచం కింద పెడతానే!"

"మంచం కిందా? చీమలు పట్టవూ?"

"చీమలు సరే, నా నడుం ఎందుకు పట్టిందనుకున్నావు? వంగి వంగి అవన్నీ బయటికి లాగేసరికే!"

నేను బకెట్ బోర్లించుకుని కూర్చున్నాను. దానికి స్టూలు. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వుకున్నాం. తర్వాత వాళ్లక్క ఆపరేషన్ సంగతి చెప్పింది. నెలల తరబడి నాకు చెప్పాలనుకుంటోందట. ఇద్దరం ఒక్క గిన్నె కూడా ముట్టుకోలేదు. చూశారా, రిలాక్స్‌డ్ లంచ్ ఒక వరమని నేను ఊరికే అనలేదు!

ఇంతలో హాల్లోంచి మావారి గొంతు. "ఏమోయ్, ఖాళీగానే ఉన్నావుగా, అందరికీ కాఫీ!"

"రిలాక్స్ అవుతున్నానండీ!" తలుపు సందులోంచి అరిచాను. "మీరు పెట్టెయ్యండి. అరగంట కూడా పట్టదు!"

తర్వాత వంటింట్లో డబ్బాల మూతలు ఒక్కొక్కటే తెరుచుకోసాగాయి. "పంచదార ఎక్కడుంది?" అన్నారు. "కాఫీపొడి ఏది?" అన్నారు. చివరికి గొంతు చించుకుని, "అసలు ఈ ఇంట్లో గిన్నెలన్నీ ఏమయ్యాయి?" అన్నారు.

పొట్టి లేచి చప్పుడు కాకుండా గడియ పెట్టింది.

"వచ్చే నెల మా ఇంట్లోనే," అంది. "మంచం పెద్దదే. కింద ఇద్దరం పడతాం."