విరిగే కడ్డీకి వేయి దండాలు

గట్టి సామాను కళకు శత్రువు! నవ్వకండి. నరసరావుపేట నడిబొడ్డున నిలబడి, పూర్తి స్పృహలో ఉండే ఈ మాట చెబుతున్నాను.

సాక్ష్యం కావాలా? మా పక్కింటి ఆదినారాయణ కూతురు భవిత. డిగ్రీ చదువుతూ ఎలక్ట్రిక్ గిటార్ నేర్చుకుంది. దానికి తీగల పక్కన ట్రెమొలో బార్ అని ఒక సన్నని కడ్డీ ఉంటుంది. నొక్కితే తీగలు వదులై స్వరం ఉయ్యాలూగుతుంది. వదిలితే మళ్లీ ఎక్కడిదక్కడికి రావాలి. రావాలి! అది కంపెనీవాళ్ల ఆశయం మాత్రమే. ఆ కడ్డీని ఇనుమంటే, ఇనుము పరువునష్టం దావా వేస్తుంది.

మొన్న రొంపిచెర్లలో ఒక పెళ్లి రిసెప్షన్. భవితకి అదే తొలి ప్రోగ్రాం. "ఇది గనక తుస్సుమందా, గిటార్ అటకెక్కుద్ది, నువ్వు బ్యాంకు కోచింగుకి పోతావు" అని వాళ్ల నాన్న ముందే తేల్చేశాడు. పాపం, పిల్లకి పొద్దుట్నుంచీ ముద్ద దిగలేదు.

రెండో పాటలో కడ్డీ నొక్కింది. టప్! విరిగి, గాల్లో పల్టీలు కొట్టి, వెళ్లి పెరుగు గంగాళంలో పడింది. వెనకాల స్ప్రింగు ఊడింది. తీగల శ్రుతి తలో దిక్కుకి పోయింది. స్పీకర్లలోంచి దూడ తప్పిపోయిన గేదె అరుపు!

ఆదినారాయణ తల దించుకున్నాడు. డ్రమ్స్ వాయించే నదీం మాత్రం దరువు ఆపలేదు. "ఆపొద్దు భవితా! నేను కొడతన్నా, నువ్వు లాగు!" అని అరిచాడు.

లాగింది చూడండి! వట్టి వేళ్లతోనే తీగల్ని పక్కకి ఈడ్చి, కసిగా, కన్నీళ్లతో. పెళ్లికూతురి నాయనమ్మ రామాయమ్మగారు కుర్చీలోంచి లేచింది. "ఏమే పిల్లా, ఆ ఏడుపు చానా బాగుందే! ఇంకోసారి ఏడిపియ్యి!" అంటూ చిందేసింది. ఆవిడ వెనకే పందిరంతా! ఆదినారాయణ, పెళ్లిఫొటోలో కూడా నవ్వని ఆదినారాయణ, కండువా తిప్పుతూ ఈలేశాడు! కోచింగు మాట మళ్లీ ఎత్తితే ఒట్టు.

చెప్పండి, ఆ కడ్డీ గట్టిదైతే ఇంత భాగ్యం దక్కేదా?

మర్నాడు భవిత కంపెనీకి ఫోన్ చేసింది. అవతలి గొంతు ఎంత మర్యాద!

"మేడమ్, ఆ బార్‌ని మీరు వాడారా?"

"వాడానండీ."

"అందుకే విరిగింది మేడమ్. వాడిన వస్తువుకి వారంటీ వర్తించదు."

ఏం జ్ఞానం! ఉపనిషత్తుల్లో ఉందా ఇంత సత్యం?

పిల్ల అదే కంపెనీ నుంచి మరో కడ్డీ తెప్పించుకుంది. ఇది మరీ చురుకైంది, బిగిస్తుండగానే విరిగింది. చూపుడువేలు తెగింది. తర్వాత ఒప్పుకున్న క్రోసూరు ప్రోగ్రాం ఇంకొకరికి పోయింది. కట్టు కట్టిన వేలు చూసుకుంటూ భవిత అరుగు మీద కూర్చుంటే, ఆదినారాయణ పక్కన చేరి, "నీ వాయింపులో లోపం లేదమ్మా" అన్నాడు. ఆ మాట అనడానికి ఆయన ఎంత అవస్థ పడ్డాడో నేను గోడమీంచి చూశాను.

అందుకే మా వీధివాళ్లం ఒక నిర్ణయానికొచ్చాం. ఇంతటి కళాసేవ చేస్తున్న ఆ కంపెనీ యజమానిని పిలిచి ఘనంగా సన్మానిస్తాం. ఎత్తైన స్టేజీ, శాలువా, గజమాల. మహారాజా కుర్చీ కూడా సిద్ధంగా ఉంది.

దాని నాలుగు కాళ్లూ ఆయన కంపెనీ స్క్రూలతోనే బిగించాం.