సైదయ్యగారింటి పెద్దల సభ

ఆ రోజు వేసుకున్న ప్రణాళిక చాలా మామూలుది. పొద్దున్నే చాయ తాగి, కిరాయి జీపెక్కి సూర్యాపేట నుంచి మిర్యాలగూడ పోవాలి. సైదయ్య చెల్లెలు జమున కూతురు స్వరూపను గంపలో కూర్చోబెట్టి పెండ్లి పీటల దాకా తేవాలి. వాళ్ళింటి ఆనవాయితీ ప్రకారం ఆ గంపను ఇద్దరు మేనమామలు చెరో పక్క పట్టాలి. పెద్ద మేనమామ సైదయ్య, చిన్న మేనమామ ఆయన తమ్ముడు జంగయ్య. పిల్లల్లేని సైదయ్య స్వరూపను హైదరాబాదులో తన దగ్గరే పెట్టుకుని చదివించాడు. ఆ గంప పట్టడం కోసం ఆయన ఏళ్ళ తరబడి ఎదురుచూశాడు. ఈమధ్య నిద్రలో కూడా చేతులు గంప పట్టినట్టే పెట్టుకుంటున్నాడని భార్య అచ్చమ్మ చెప్పేది.

ఇంత చిన్న పనిని చెడగొట్టడం మామూలు మనిషి వల్ల అయ్యేది కాదు. సైదయ్యకు ఆ అనుభవం ఉంది. ఆయన ఉద్యోగమంతా శాసనమండలి కార్యాలయంలో, ఏ చర్చ ఏ రోజు, ఏ సభ్యుడికి ఎన్ని నిమిషాలు అని నిర్ణయించి పెట్టే సెక్షన్‌లో గడిచింది. ఎనభై ఐదులో మండలిని రద్దు చేశారు. సైదయ్యకు ఇంకో శాఖలో కుర్చీ ఇచ్చారు గానీ అక్కడ చర్చలు లేవు, అన్నీ సంతకాలే. ఆ దిగులుతోనే రిటైరై సూర్యాపేట వచ్చి, మార్కెట్లో ఒక ఇత్తడి గంట కొన్నాడు. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఏ కూర వండాలన్నా చర్చ జరగాల్సిందే. కొంపలు మునిగే పని ఉన్నా గంట కొట్టందే ఎవరూ నోరెత్తకూడదు.

జీపు వచ్చి వాకిట్లో ఆగింది. డ్రైవర్ ఫూల్‌సింగ్ హారన్ కొట్టాడు.

"ముంగట సీట్ల నేను కూసుంటా. ఎనక కూసుంటే నాకు కక్కొస్తది" అంది సైదయ్య తల్లి బాలమ్మ.

"వెనక కూర్చుంటే నాకు మాత్రం కళ్ళు తిరగవా అత్తయ్యా? నేరేడుచర్ల దాటేసరికి పడిపోతాను" అంది జంగయ్య భార్య పెంటమ్మ. ఆమెది కోదాడ.

"గంప పట్టేటోళ్ళం మేము. మేము ముంగట కూసోవాలె" అన్నాడు జంగయ్య. అతను రైసుమిల్లులో బస్తాలు మోస్తాడు. మాట కూడా బస్తా దించినట్టే ఉంటుంది.

"అందరు ముంగటనే కూసుంటే ఇగ ఎనక సీటెందుకు? పీకి పారేద్దాం" అంది అచ్చమ్మ.

సైదయ్య సంచిలోంచి గంట తీశాడు. అచ్చమ్మ తల పట్టుకుంది.

"సభ మొదలైంది. అంశం, జీపు ముందు సీటు. తలా రెండు నిమిషాలు. పెద్దవాళ్ళతోని షురూ."

బాలమ్మ తన పెండ్లితో మొదలుపెట్టింది. తిరుమలగిరి నుంచి ఎడ్లబండిలో వచ్చిన సంగతి, దారిలో బండి ఇరుసు విరిగిన సంగతి చెప్పుకొచ్చింది. ఇరుసు ఇంకా బాగు కాకముందే గంట మోగింది.

"ఏందిరా, కన్నతల్లికి గంట కొడ్తవా?"

"సీనియర్ సభ్యురాలికి ఇంకో రెండు నిమిషాలు" అన్నాడు సైదయ్య వెంటనే.

పెంటమ్మ తన వంతులో, కిందటిసారి బస్సులో అచ్చమ్మక్క తన పట్టుచీర మీద కక్కిన వైనం బయటపెట్టింది. చీర కట్టిన తీరే వాంతి తెప్పించిందని అచ్చమ్మ జవాబిచ్చింది.

"ఆ మాటలను రికార్డుల నుంచి తొలగిస్తున్న" అన్నాడు సైదయ్య గంభీరంగా.

"ఏం రికార్డులయ్యా? గీడ రాసేటోడే లేకపాయె" అంది అచ్చమ్మ.

"అయితే మనసుల నుంచి తొలగించుకోండ్రి."

"నా మనసులకెళ్ళి అది సచ్చినా పోదు."

ఫూల్‌సింగ్ గుమ్మంలోకి తల పెట్టాడు. "సారు, పొద్దెక్కుతాంది. బండి టైర్లు గిట్ల మంచిగ లెవ్వు. నిమ్మళంగ పోవాలె."

"సందర్శకులు మాట్లాడొద్దు. గ్యాలరీల కూసో."

గ్యాలరీ ఎక్కడుందో తెలియక ఫూల్‌సింగ్ అటూ ఇటూ చూసి చెప్పుల పక్కన కూర్చున్నాడు.

"మరి నా వంతెప్పుడొస్తది?" అడిగాడు జంగయ్య.

"నీదే ఆఖరు."

"పుట్టిన కాన్నుంచి ఆఖరేనాయె! గంప కాడ గూడ నన్ను ఆఖర్ల పట్టమంటవేమో! నేను పోతున్న!"

"వాకౌటా?" అన్నాడు సైదయ్య. ఆయన కళ్ళు మెరిశాయి.

"ఏదో ఒకటి!" అని తువ్వాలు భుజాన వేసుకుని జంగయ్య బయటికి నడిచాడు.

సైదయ్యకు నిజంగా సంతోషం వేసింది. ఇంట్లో సభ పెట్టినప్పటి నుంచి ఒక్కరూ పద్ధతి ప్రకారం వాకౌట్ చేసిన పాపాన పోలేదు. "పరేషాన్ కాకుండ్రి. మండలిల ఎన్ని సూడలేదు! బయటికి పోయి చాయ తాగి మల్ల వాళ్ళే వస్తరు. సభను కాసేపు వాయిదా వేస్తున్న" అన్నాడు.

కాసేపు గడిచింది. చాయ ఇంట్లోవాళ్ళే తాగారు. జంగయ్య రాలేదు. అప్పుడు సైదయ్యకు చెమట పట్టింది.

"ఒక్క మామతోని గంప ఎట్ల లేస్తది? కోరం లేకపాయె!"

"అలిగితే ఆయన మా పుట్టింటికే వెళ్తాడండీ బావగారూ. కిందటి దసరాకి కూడా కోదాడ పోయి, మా అమ్మ వండిన గారెలు తింటూ కూర్చున్నాడు" అంది పెంటమ్మ.

బస్టాండు దగ్గర పాన్‌డబ్బా అతన్ని అడిగితే, జంగయ్య ఎర్రబస్సు ఎక్కుతుంటే చూశానన్నాడు. ఆ బస్టాండులో ఉన్నవన్నీ ఎర్రబస్సులే. అయినా అందరూ దాన్ని గట్టి సాక్ష్యంగా తీసుకుని జీపును కోదాడ వైపు తిప్పించారు. ఆ హడావుడిలో ముందు సీట్లో ఎవరు కూర్చున్నారో ఎవరూ పట్టించుకోలేదు. పెండ్లి బట్టల మూట కూర్చుంది.

కోదాడలో పెంటమ్మ తండ్రి నర్సయ్య వాకిట్లో పళ్ళు తోముకుంటున్నాడు. జీపు ఆగింది. కూతురు దిగింది, వెంట అల్లుడు లేడు. అత్త దిగింది, తోటికోడలు దిగింది, బావగారు బట్టల మూట పట్టుకుని దిగాడు. నర్సయ్య చేతిలోని వేపపుల్ల కింద పడింది.

"మా పిల్ల ఏం తప్పు చేసిందని తీసుకొచ్చి దింపుతున్నారండీ? మూటతో సహా!" అని గట్టిగా అరిచాడు.

క్షణాల్లో వీధి పెద్దలు వచ్చి అరుగుల మీద కూర్చున్నారు. ఒకాయన కోడళ్ళ ఓర్పు గురించి, ఇంకొకాయన అత్తల బుద్ధి గురించి, మూడో ఆయన ఎందుకో కాల్వ నీళ్ళ గురించి మాట్లాడారు. ఎవరికీ నిమిషాల లెక్క లేదు, హద్దు లేదు. సైదయ్య చెయ్యెత్తాడు. ఎవరూ చూడలేదు. రెండు నిమిషాలు ఇమ్మని బతిమాలాడు. ఇవ్వలేదు. చివరికి సంచిలోంచి గంట తీసి గణగణా కొట్టాడు. ఐసు బండి వచ్చిందనుకుని వీధిలో పిల్లలంతా చిల్లర పట్టుకుని పరుగెత్తుకొచ్చారు.

పెంటమ్మే వాళ్ళందరినీ దాటి తండ్రి ముందుకొచ్చింది. "నన్నెవరూ దింపట్లేదు నాన్నా! ఆయన వచ్చాడేమోనని చూడ్డానికి వచ్చాం. రాలేదా?"

"రాలేదే!" అన్నాడు నర్సయ్య. తర్వాత సిగ్గుపడి, ఇడ్లీలు తినందే కదలనివ్వనని జీపుకు అడ్డం నిలబడ్డాడు. తిన్నారు. హుజూర్‌నగర్ దాటాక ఫూల్‌సింగ్ చెప్పిన టైరు, చెప్పినట్టే పోయింది. టైరు మార్చినంతసేపూ సైదయ్య రోడ్డు పక్కన నిలబడి గడియారం చూసుకుంటూనే ఉన్నాడు.

మిర్యాలగూడ చేరేసరికి బాజాలు ఆగిపోయి ఉన్నాయి. పందిట్లో విస్తళ్ళు వేసి ఉన్నాయి. మొదటి విస్తరి ముందు జంగయ్య లడ్డు తింటూ కనిపించాడు.

"నువ్వు గీడున్నవేందిరా? వాకౌట్ చేస్తివి గద!"

"చేసి బస్సెక్కిన. పెండ్లి గీడైతే ఇగ యాడికి పోవాలె?"

"మరి గంప?"

"ఒక్కన్నే ఎత్తిన. నూరు కిలోల బస్తా మోసేటోనికి స్వరూప ఒక బరువానె?"

పందిరి మూలన ఖాళీ గంప ఉంది. సైదయ్య పోయి దాని పక్కన కూర్చుని అంచు పట్టుకున్నాడు. ఇంతకాలం ఎదురుచూసిన ఘడియ తన చేతులతోనే పోగొట్టుకున్నానని తెలిసి పైపంచెతో కళ్ళు ఒత్తుకున్నాడు. పసుపు బట్టలతో స్వరూప వచ్చి ఎదురుగా నిలబడింది. ఆమె కళ్ళు కూడా ఎర్రగానే ఉన్నాయి.

"జరసేపు ఆగుదామని ఎంత మొత్తుకున్ననో పెద్దమామా. పెండ్లి చేసే అయ్యగారు ముహూర్తం దాటుతదన్నడు. గంపల కూసోని ఏడ్సుకుంట పీటల మీదికి పోయిన."

"తప్పు నాదే బిడ్డా" అన్నాడు సైదయ్య.

బాలమ్మ చప్పున ముందుకొచ్చింది. "మనింట్ల సభను రద్దు చెయ్యాలె. నేను అడుగుతున్న. అవునన్నోళ్ళు చేతులెత్తుండ్రి."

అచ్చమ్మ, పెంటమ్మ, లడ్డు పట్టుకున్న జంగయ్య చేతులెత్తారు. పందిరి బయట చెప్పుల పక్కన, తన గ్యాలరీలోంచి ఫూల్‌సింగ్ రెండు చేతులూ ఎత్తాడు. సైదయ్య అందరినీ చూసి, తనూ మెల్లగా చెయ్యెత్తాడు. ఒక్కరూ మాట్లాడకుండా తీర్మానం గట్టెక్కడం ఆయన తన సర్వీసులో ఎన్నడూ చూడలేదు.

"నాకేం కానుక పెడ్తవ్ మామా?" అడిగింది స్వరూప కళ్ళు తుడుచుకుంటూ.

"నువ్వేదడిగితే గది."

"నీ గంట ఇయ్యి. నువ్వు యాదికొచ్చినప్పుడల్లా సూసుకుంటా."

సైదయ్యకు కళ్ళు చెమర్చాయి. పిల్లకు తన మీద ఎంత ప్రేమో అనుకుంటూ గంటను పైపంచెతో తుడిచి చేతిలో పెట్టాడు. ఇంటిల్లిపాదీ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. దాంతో ఆ కథ ఖతం అనుకున్నారు.

నెల తిరగకముందే మిర్యాలగూడ నుంచి స్వరూప అత్తగారు స్వయంగా సూర్యాపేట వచ్చింది. తన ఇంట్లోనే తనకు గంట కొట్టి రెండు నిమిషాలే ఇస్తున్నారట.