పణియారం అక్షరాలు

తమిళనాడు దేవకోట్టైలో బ్యానర్లు వేసే సేతురామన్ ఆ పొద్దున పెట్టుకున్న పని ఒక్కటే. ఎవరింటి పాపకో చెవులు కుట్టే వేడుక బ్యానరు పూర్తిచేసి, ఇంటికి వెళ్లి వేడివేడిగా ఇడియాప్పం తినాలి. కంప్యూటరు ముందు కూర్చున్నాడో లేదో, మీనాళ్ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అన్నా, తెల్లారగట్ల మా నాన్న పోయాడు. కన్నీటి అంజలి బ్యానరు వెయ్యి. బస్టాండులోంచి చూసినా కనబడాలి."

"అంత పెద్దదెందుకమ్మా?"

"మా నాన్న సంగతి నీకు తెలీదా? ఊళ్లో ఆయన తిట్టని మనిషుంటే చూపించు. పాడె మొయ్యడానికి నలుగురైనా రావాలా వద్దా?"

సేతురామన్ మనసు చివుక్కుమంది. చావు బ్యానర్లకు వాడే సన్నటి అక్షరాలు వీధి దాటితే కనబడవు. దూరానికి ఆనే అక్షరం అతని దగ్గర ఒక్కటే ఉంది. మూలలన్నీ గుండ్రంగా, ఒళ్లంతా బొద్దుగా, పెనం గుంటల్లో పొంగిన పణియారాల్లా ఉంటుంది. వేడుకలకు తప్ప దాన్ని ఎవరూ వాడరు. ఆ పిల్ల ముఖం చూసి అదే వేశాడు. తొందరలో, తెరమీదున్న చెవులు కుట్టే బ్యానరు తాలూకు అరటిచెట్ల అంచు తీయడం మరిచాడు.

ఆ ఊళ్లో బ్యానరు చదివేవాళ్లు తక్కువ. అక్షరం ఒళ్లు చూసి సంగతి చెప్పేస్తారు. బస్టాండులో కట్టిన బ్యానరు మీద మీనాళ్ నాన్న వయిరవన్ ఫొటోని టీకొట్టులోంచి ముందుగా చూసింది చెల్లప్పన్. గోడ తగాదాలో అతనికి వయిరవన్‌తో పదేళ్లుగా మాటల్లేవు.

"ఓరి ఓరి! వయిరవన్ ఇంట్లో వేడుకట. మనకి పిలుపే లేదు చూశావా!"

"పిలవకపోతే ఊరుకుంటామా మామా? వెళ్లి మొహమ్మీదే కడిగేద్దాం పద" అన్నాడు పక్కనున్నవాడు.

కడగడానికైనా వేడుకింటికి ఉత్తచేతులతో వెళ్లకూడదు కదా. పళ్ల పళ్లేలు లేచాయి. దారిలో నాదస్వరం మేళం కూడా కలిసింది. ఊరేగింపు తన కొట్టు ముందునుంచి పోతుంటే సేతురామన్‌కి సంగతి తెలిసింది. ఆపుదామని పరుగెత్తాడు. అతను చేరేసరికి అందరూ వాకిట్లోకి దిగబడిపోయారు. ఎదురుగా చాపమీద వయిరవన్. నాదస్వరం సగంలో ఆగింది.

"ఎవడ్రా ఆ బ్యానరేసింది?" గుంపులోంచి ఎవరో అరిచారు.

సేతురామన్ స్తంభం చాటుకు తప్పుకున్నాడు. చెల్లప్పన్ మాత్రం పళ్లెం కిందపెట్టి, పోయినవాడి ముఖం కేసి చాలాసేపు చూశాడు. "అయ్యో, ముసలోడా..." అని కండువాతో కళ్లొత్తుకున్నాడు. తరువాత గుంపు వైపు తిరిగాడు.

"కాలు పెట్టాం, మైల పట్టింది. తలస్నానం ఎలాగూ తప్పదు. మోసే పోదాం, పట్టండ్రా! ఏమయ్యా మేళం, నిండుగా బతికి పోయిన చావే కదా, ఊదు!"

పాడె దగ్గర భుజం కోసం తోపులాట మొదలైంది. నేను ముందంటే నేను ముందని అరుచుకుంటూనే వీధి మలుపు తిరిగారు. మీనాళ్ స్తంభం వెనక్కి వచ్చి చేతులు జోడించింది.

"తప్పైపోయిందమ్మా" అన్నాడు సేతురామన్.

"తప్పేంటన్నా! నలుగురొస్తే చాలనుకున్నా. చోటు కోసం కొట్టుకుంటున్నారు. మా నాన్నకి కొట్లాటంటే ప్రాణం కదా! నీ రుణం ఎలా తీర్చుకోను?" ఏడుస్తూనే నవ్వింది. సేతురామన్ కొట్టుకు వెళ్లి ఆ లావు అక్షరాలకు మనసారా దండం పెట్టుకున్నాడు.

మరునాడు చెల్లప్పన్ తన ఫొటో పట్టుకుని కొట్లో దిగాడు. "నాక్కూడా అవే అక్షరాలేసి ఉంచు" అన్నాడు. తేదీ మాత్రం ఖాళీగా వదలమన్నాడు.